ఎలక్ట్రానిక్ యుద్ధ భూతల పరీక్షా కేంద్రం: అవసరాన్ని ఆడిట్ చేయడం ఎలా

హైదరాబాద్‌లో రక్షణ సంస్థల ఖర్చును ఆడిట్ చేసేవారి బల్ల మీదికి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫైలు వస్తుంది. ఒక ప్రయోగశాలో, ప్రభుత్వరంగ సంస్థో శత్రు రాడార్‌ను పసిగట్టే రాడార్ హెచ్చరిక రిసీవర్లను, ఆ రాడార్‌ను తికమకపెట్టే జామర్లను నేల మీదే పరీక్షించడానికి పెద్ద అనెకోయిక్ ఛాంబర్ (గోడలు రేడియో తరంగాలను పీల్చుకునే గది) కావాలని, దానితోపాటు శత్రు రాడార్ల సంకేతాలను సృష్టించే సిమ్యులేటర్లు కూడా కావాలని కోరుతుంది. ఆ ఫైలులో టెండర్ కాగితాలు, ధరల పోలికలు, కమిటీ మినిట్స్ కట్టలు కట్టలుగా ఉంటాయి. కేంద్రం అసలు ఎందుకు కావాలో చెప్పే భాగం మాత్రం చాలాసార్లు రెండు పేరాలతో సరిపోతుంది. ఆడిట్ కూడా అలవాటు చొప్పున ఆ కట్టల వెంటే పోయి, ఎల్-1 (అతి తక్కువ ధర చెప్పినవారు) ఎవరు, లిక్విడేటెడ్ డ్యామేజీలు (ఆలస్యానికి సరఫరాదారు కట్టాల్సిన పరిహారం) ఎందుకు వసూలు చేయలేదు అన్న దగ్గరే ఆగిపోతుంది. టెండర్ ఎంత నిష్కల్మషంగా జరిగినా, అవసరం లేనిదాన్ని కొంటే పోయిన డబ్బు పోయినట్టే. ఆ రెండు పేరాలను ఎలా పరీక్షించాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కాగ్ పరిధిలో పనిచేసేవారికి దీనికి కావలసిన అధికారం ఇప్పటికే ఉంది. కాగ్ విధులు, అధికారాల మీద 1971లో వచ్చిన చట్టం, పనితీరు ఆడిట్ పద్ధతులు పొదుపును, సామర్థ్యాన్ని, ఫలసిద్ధిని మూడింటినీ ప్రశ్నించనిస్తాయి. 2017 సాధారణ ఆర్థిక నియమాలలో 21వ నియమం, ఖర్చు సందర్భం కోరినదానికి మించి ఉండరాదని సూటిగానే చెబుతుంది. కాబట్టి "అవసరాన్ని నిర్ణయించేది శాస్త్రవేత్తలు, ఆడిట్‌కు అందులో ఏం పని" అన్న జవాబు వస్తే వెనక్కి తగ్గనక్కర్లేదు. అవసరాన్ని ఆడిటర్ నిర్ణయించడు. నిర్ణయించినవారు దేన్ని ఆధారం చేసుకొని నిర్ణయించారో చూపమని అడుగుతాడు.

ముందుగా, అక్కడ ఏ పరీక్ష జరుగుతుంది

ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరం శత్రు రాడార్ తరంగాన్ని పసిగట్టాలి, అది ఏ రకం రాడారో, ఏ దిక్కు నుంచి వస్తోందో తేల్చాలి, అవసరమైతే దాన్ని జామ్ చేయాలి. ఈ పనులను పరీక్షించడానికి ఆరు అంచెల వనరులు ఉంటాయని అమెరికా వైమానిక దళం తన పరీక్షా విధానంలో వర్గీకరించింది, ఆ వర్గీకరణ మన ఆడిట్‌కూ పనికొస్తుంది. మొదటిది కంప్యూటర్ నమూనాలు. తరువాత యాంటెన్నాల వంటి భాగాలను కొలిచే కేంద్రాలు, ఉపవ్యవస్థలను కలిపి నడిపించే ఇంటిగ్రేషన్ ల్యాబ్‌లు, అసలు పరికరాన్ని కృత్రిమ శత్రు సంకేతాల మధ్య నడిపించే హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ కేంద్రాలు, పూర్తి విమానాన్ని లేదా వాహనాన్ని నిలబెట్టి పరీక్షించే భారీ ఛాంబర్లు వస్తాయి. చివరిది ఆరుబయట రేంజ్. సాధారణంగా అంచె పెరిగేకొద్దీ పరీక్ష వాస్తవానికి దగ్గరవుతుంది, ఖర్చు కూడా పెరుగుతుంది. మీ చేతిలోని ప్రతిపాదన వీటిలో ఏ అంచెకు చెందిందో మొదటి రోజే తేల్చుకోవాలి, ఎందుకంటే నాలుగో అంచెలో తేలే ప్రశ్నకు ఐదో అంచె కేంద్రాన్ని కోరడమే ఈ రంగంలో ఎక్కువగా కనిపించే అతిశయం.

నేల మీదే ఎందుకు పరీక్షించాలన్న ప్రశ్నకు న్యాయమైన జవాబులే ఉన్నాయి. ఒకే పరిస్థితిని పదిసార్లు అచ్చంగా మళ్ళీ సృష్టించడం గాలిలో సాధ్యం కాదు. జామింగ్ సంకేతాన్ని బహిరంగంగా ప్రసారం చేస్తే దాని గుట్టు అవతలివారి రిసీవర్లకు చిక్కుతుంది. అన్నిటికన్నా మన ఊరి విషయంలో బరువైనది మూడో కారణం. డీఆర్‌డీఓ ఎలక్ట్రానిక్ యుద్ధ ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్ చాంద్రాయణగుట్టలో 1960ల తొలినాళ్ల నుంచి ఉంది. ఒకప్పుడు ఊరి చివర అనిపించిన ఆ ప్రాంతం చుట్టూ ఇప్పుడు ఇళ్ళే. దక్షిణాన 2008 నుంచి శంషాబాద్ విమానాశ్రయం, నగరం నడుమ బేగంపేట, ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి. ఇంత రద్దీ ఆకాశం కింద పెద్ద శక్తితో రాడార్ పౌనఃపున్యాల్లో ప్రసారం చేయడానికి అనుమతి అంత తేలికగా దొరకదు. కాబట్టి తరంగాలు బయటికి పొక్కని ఛాంబర్ కావాలన్న వాదనను మొదటి నుంచే అనుమానించకూడదు. ఎంత పెద్దది, ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ఇక్కడ ఒక పొరపాటును ముందే నివారించాలి. విద్యుదయస్కాంత అనుకూలతను, అంటే ఒక పరికరం మరో పరికరానికి అంతరాయం కలిగిస్తోందా అన్నదాన్ని, అమెరికా సైనిక ప్రమాణం మిల్-స్టాండర్డ్ 461 ప్రకారం చూసే గదులు వేరు. అవి నగరంలోనూ, ప్రభుత్వ మైక్రోవేవ్ పరిశోధన సంస్థ సమీర్ వంటివాటి చెన్నై, విశాఖ కేంద్రాల్లోనూ అందుబాటులో ఉంటాయి. ఆ గది ఉంది కదా, ఇది ఎందుకని ఆడిటర్ హాఫ్ మార్జిన్ (ఆడిట్ ప్రశ్నపత్రం) రాస్తే, అవతలివారు ఒక్క పేరాతో దాన్ని కొట్టిపారేస్తారు, ఆ తరువాత మీరు వేసే సరైన ప్రశ్నలకు కూడా విలువ తగ్గుతుంది.

కోరికను వెనక్కి నడిపించడం

ఆడిట్‌లో అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టాలి. స్టేట్‌మెంట్ ఆఫ్ కేస్‌లో, అంటే అవసరాన్ని వివరించి మంజూరు కోరే పత్రంలో, రాసిన ప్రతి సాంకేతిక పరామితిని తీసుకొని, దాన్ని కోరిన ప్రాజెక్టు ఏది, ఆ ప్రాజెక్టులో ఏ పరీక్షా ప్రశ్నకు అది కావాలి, ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఏ నిర్ణయం ఆగిపోతుంది అని ఒక్కో మెట్టూ వెనక్కి నడిపించాలి. మెట్టు తెగిన చోటే మీ ఆడిట్ పేరా ఉంటుంది. దీనికి మైక్రోవేవ్ ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. పరిమాణాలను ఖర్చుతో ముడిపెట్టే రెండు మూడు సూత్రాలు తెలిస్తే చాలు.

మొదటిది దూరం. యాంటెన్నాను సరిగా కొలవాలంటే తరంగం దాని దగ్గరికి దాదాపు సమతలంగా చేరాలి. అందుకు కావలసిన కనీస దూరాన్ని, యాంటెన్నా వ్యాసపు వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగించి తెలుసుకుంటారు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల యాంటెన్నాకు ఈ లెక్కన 6 మీటర్లు చాలు. అదే మీటరు వ్యాసం గల యాంటెన్నాకు దాదాపు 67 మీటర్లు కావాలి. 18 గిగాహెర్ట్జ్ దగ్గరైతే 120 మీటర్లు. రాడార్ హెచ్చరిక రిసీవర్లలో వాడే యాంటెన్నాలు సాధారణంగా చిన్నవి. దూరాన్ని పెంచేవి అనేక యాంటెన్నాలను వరుసగా పేర్చిన పెద్ద అర్రే జామర్లు. అందువల్ల పొడవాటి ఛాంబర్‌ను కోరే ప్రతిపాదనలో, మీటరు పరిమాణపు యాంటెన్నా ఉన్న మంజూరైన ప్రాజెక్టు ఏదో చూపమనాలి. చూపినా, పెద్ద ప్రతిఫలకంతో తక్కువ దూరంలోనే సమతల తరంగాన్ని సృష్టించే కాంపాక్ట్ రేంజ్‌నూ, యాంటెన్నాకు దగ్గరగా కొలిచి గణితంతో దూరపు ఫలితాన్ని రాబట్టే నియర్ ఫీల్డ్ పద్ధతినీ పరిశీలించి వదిలేశారా, లేక పరిశీలించనే లేదా అని అడగాలి. వదిలేయడానికి మంచి కారణాలు ఉండవచ్చు. అవి కాగితం మీద ఉండాలి.

రెండోది పౌనఃపున్య పరిధి కింది కొస. ఛాంబర్ గోడలకు అతికించే కార్బన్ కలిపిన ఫోమ్ పిరమిడ్ల పొడవును అక్కడ పరీక్షించే అతి తక్కువ పౌనఃపున్యం నిర్ణయిస్తుంది. 2 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 15 సెంటీమీటర్లు, 0.5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 60 సెంటీమీటర్లు. కాబట్టి కింది కొసను 2 నుంచి 0.5కు దించితే, అదే స్థాయి శోషణకు పిరమిడ్లు సుమారు నాలుగింతలు పొడవు కావాలి. ఆ మేరకు లోపలి స్థలం తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి భవనం పెరుగుతుంది. కాగితం మీద ఒక దశాంశ బిందువు మార్చినంత మాత్రాన సివిల్ పనుల అంచనా ఎంత పెరిగిందో అంచనాల పాత ప్రతులను కొత్త ప్రతులతో పోల్చి చూడాలి. కింది కొసను ఎవరు, ఏ సమావేశంలో, ఏ ప్రాజెక్టు కోసం దించారన్నది మినిట్స్‌లో దొరకాలి. "భవిష్యత్ అవసరాల దృష్ట్యా" అన్న మాట తప్ప మరేమీ దొరకకపోతే అక్కడ ఆగి మరింత తవ్వాలి.

మూడోది శక్తి. ఎక్కువ శక్తితో జామర్‌ను ఛాంబర్ లోపల ప్రసారం చేయిస్తే మామూలు ఫోమ్ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని తట్టుకునే ప్రత్యేక శోషక పదార్థం, గాలి ప్రసరణ, అగ్నిమాపక ఏర్పాట్లు ఖర్చును బాగా పెంచుతాయి. పూర్తి శక్తితో పరీక్షించాల్సిన అవసరం నిజంగా ఎన్ని పరీక్షలకు ఉంది, శక్తిని తగ్గించే పరికరం గుండా ప్రసారం చేస్తే జవాబు దొరకని పరీక్షలు ఏవి అని అడిగితే చర్చ త్వరగా తేలిపోతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది, ఫైళ్లలో అది దాదాపుగా కనిపించదు. తరంగాన్ని గాలిలోకి ప్రసారం చేసి యాంటెన్నా ద్వారా తీసుకోవడం ఒక పద్ధతి. సిమ్యులేటర్ సంకేతాన్ని కేబుల్ ద్వారా నేరుగా రిసీవర్‌లోకి పంపడం మరో పద్ధతి. రెండోదానికి ఛాంబర్ అక్కర్లేదు, మామూలు ల్యాబ్ చాలు. ఒకేసారి వచ్చిపడే అసంఖ్యాకమైన పల్సులను విడదీసి ఏది ఏ రాడార్‌దో గుర్తించే సాఫ్ట్‌వేర్ ఎంత బాగా పనిచేస్తోంది, గుర్తింపు లైబ్రరీలో తప్పులున్నాయా, స్పందనకు ఎంత సమయం పడుతోంది వంటి ప్రశ్నలలో ఎక్కువ భాగం కేబుల్ పద్ధతిలోనే తేలుతుంది. ఛాంబర్ మాత్రమే చెప్పగలిగే సంగతులు వేరే ఉన్నాయి. యాంటెన్నాను విమానం రెక్క మీదో, ఓడ స్తంభం మీదో అమర్చిన తరువాత చుట్టూ ఉన్న లోహం వల్ల దాని దిశా గుర్తింపు ఎంత చెడుతోంది, మన జామర్ ప్రసారం మన రిసీవర్‌లోకే ఎంత చొరబడుతోంది, పక్కనున్న మన రాడార్ మన రక్షణ వ్యవస్థను ఎలా గందరగోళపరుస్తోంది అన్నవి అలాంటివి. కాబట్టి ప్రతిపాదన పంపినవారిని వారి పరీక్షల జాబితా మొత్తాన్ని రెండు నిలువు వరుసలుగా విడదీసి ఇవ్వమనాలి. ఒక వరుసలో కేబుల్‌తో జవాబు దొరికేవి, రెండో వరుసలో ప్రసారం తప్పనివి ఉండాలి. ఛాంబర్ అవసరాన్ని రెండో వరుసతో మాత్రమే కొలవాలి. నా అభిప్రాయంలో, ఆడిట్ బృందం మరేమీ చేయలేకపోయినా ఈ ఒక్క పట్టికను రాబట్టగలిగితే సగం పని అయినట్టే.

గంటల లెక్కలో ఉండే మాయ

వినియోగం శాతం మీద ఆడిటర్లకు మక్కువ ఎక్కువ. లాగ్‌బుక్‌లో గంటలు ఉంటాయి, భాగహారం సులువు, పేరా రాయడం ఇంకా సులువు. 1995లో అమెరికా సైనిక స్థావరాల తగ్గింపు ప్రక్రియలో రెండు ఎలక్ట్రానిక్ యుద్ధ భూతల కేంద్రాలను కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరానికి తరలించాలని ఆ దేశ రక్షణ శాఖ ప్రతిపాదించినప్పుడు ఇదే వాదన వాడింది. బఫెలో నగరంలోని రెడ్‌క్యాప్‌కు రాబోయే పని దాని సామర్థ్యంలో 10 శాతమే అనీ, ఫోర్ట్ వర్త్‌లోని ఏఎఫ్ఈడబ్ల్యూఈఎస్‌కు 28 శాతమే అనీ చూపింది. అంత తక్కువ శాతాలు వింటే ఎవరికైనా మూసేయాలనే అనిపిస్తుంది. కానీ ఒంటరిగా ఆ శాతాలు అవసరం ఉందనీ చెప్పవు, లేదనీ చెప్పవు. ఫంక్షన్ హాలు ఆషాఢమంతా ఖాళీగా ఉన్నా, ముహూర్తాల రోజుల్లో దాని కోసం నలుగురు పోటీ పడతారు. పరీక్షా కేంద్రానికి కూడా ప్రాజెక్టుల గడువులే ముహూర్తాలు.

అందుకే గంటలకు బదులు డిమాండ్‌ను కట్టాలి. రాబోయే ఐదారేళ్లలో పరీక్ష కోరే ప్రాజెక్టులను మూడు రకాలుగా వేరు చేయాలి: ఆర్థిక మంజూరు వచ్చినవి, సాయుధ దళాలు లిఖితపూర్వకంగా అవసరాన్ని తెలిపినా మంజూరు రానివి, ప్రయోగశాల తన ఆశతో చేర్చినవి. మొదటి రకం ఒక్కటే గట్టి నేల. మూడో రకాన్ని తీసేస్తే డిమాండ్ సగానికి పడిపోయే ప్రతిపాదన అయితే, కేంద్రానికి ఇంకా వేళ కాలేదని చెప్పడానికి అది చాలు. ఒకే ప్రాజెక్టు పరీక్షలను రెండు వేర్వేరు సంస్థలు తమ తమ ప్రతిపాదనల్లో చెరో చోట లెక్కించుకున్న సందర్భాలు ఉంటాయేమో కూడా చూడాలి. హైదరాబాద్‌లో రూపకల్పన, ఉత్పత్తి, సమీకరణ వేర్వేరు సంస్థల చేతుల్లో ఉంటాయి కాబట్టి ఇక్కడ దానికి అవకాశం ఎక్కువ. డీఎల్‌ఆర్‌ఎల్ రూపొందించిన 'శక్తి' అనే నౌకాదళ ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థను 2021 నవంబర్‌లో ఝాన్సీలో ప్రధానమంత్రి లాంఛనంగా అప్పగించారు. అలాంటి వ్యవస్థను రూపకర్త పరీక్షిస్తాడు, తయారీదారు పరీక్షిస్తాడు, ఓడ మీద అమర్చాక నౌకాదళం మళ్ళీ పరీక్షిస్తుంది. ఆ ముగ్గురికీ ఛాంబర్ కావాలా, లేక రూపకర్త దగ్గర ఒకటి ఉండి మిగతావారికి కేబుల్ ద్వారా సంకేతాన్ని పంపే చిన్నపాటి ఇంజెక్షన్ పరికరాలు సరిపోతాయా అన్నది ఏ ఒక్క సంస్థ ఫైలులోనూ దొరకదు. మూడు ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఆడిట్ మాత్రమే.

గంటల లెక్క వేసేటప్పుడు అమరిక సమయాన్ని మరువకూడదు. ఒక పరికరాన్ని నిలబెట్టి, కేబుళ్లు కలిపి, క్యాలిబ్రేషన్ చేసి, తరువాత విప్పడానికి పట్టే సమయం చాలాసార్లు అసలు కొలతల సమయాన్ని మించుతుంది. ఛాంబర్ నిజంగా నిండిందో లేదో చెప్పాలంటే ఆక్రమించిన సమయాన్ని చూడాలి. పనితీరు బాగుందో లేదో చెప్పాలంటే ఆక్రమణకు, కొలతలకు మధ్య నిష్పత్తిని చూడాలి. కొన్ని చోట్ల కొత్త ఛాంబర్‌కు బదులు, పరికరాన్ని ముందే అమర్చి సిద్ధం చేసుకునే గది ఒకటి కట్టుకుంటే కొరత తీరిపోతుంది.

పొరుగున ఏముంది

ప్రత్యామ్నాయాల విశ్లేషణను ఫైళ్లు ఒక వాక్యంతో దాటేస్తాయి: "దేశంలో ఇటువంటి సదుపాయం అందుబాటులో లేదు." ఆ వాక్యం రాసిన తేదీని చూడండి. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం రూ.400 కోట్లతో రక్షణ పరీక్షా మౌలిక వసతుల పథకాన్ని ప్రారంభించింది. అందులో 75 శాతం వరకు ప్రభుత్వ గ్రాంటు, మిగతాది పరిశ్రమలు, రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టాలి. కేంద్రాలు వాడుకున్నవారి నుంచి రుసుము తీసుకొని తమ కాళ్ల మీద నిలబడాలి. ఆ పథకం కింద తమిళనాడు రక్షణ కారిడార్‌లో మానవరహిత విమానాలు, ఎలక్ట్రానిక్ యుద్ధం, ఎలక్ట్రో ఆప్టిక్స్ రంగాల పరీక్షా కేంద్రాలకు 2024 జూలైలో ఒప్పందాలు కుదిరాయి. ఎలక్ట్రానిక్ యుద్ధ కేంద్రానికి భారత్ ఎలక్ట్రానిక్స్ సారథ్యం వహిస్తోంది. కాబట్టి ఆ తరువాత హైదరాబాద్ నుంచి వెళ్లే ఏ ప్రతిపాదనైనా చెన్నైలో రాబోయేదాన్ని ప్రస్తావించి, ఎందుకు సరిపోదో చెప్పాలి. చెప్పకపోతే అది లోపమే. అలాగే బెంగళూరులో విమానాల ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థలు చూసే డీఆర్‌డీఓ ప్రయోగశాల డేర్ ఉంది. కర్నూలు జిల్లాలో డీఆర్‌డీఓ నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది, 2025 ఏప్రిల్‌లో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది అక్కడే. నగరంలో ప్రసారం కష్టమన్న వాదనను కర్నూలు ఉండగా ఎంతవరకు అంగీకరించవచ్చన్నది అడగదగిన ప్రశ్న.

అయితే ఉన్నదాన్ని పంచుకోండి అని సలహా ఇవ్వడం ఆడిటర్‌కు చాలా తేలిక, అందుకే జాగ్రత్త కావాలి. అమరికలోని సున్నితమైన పరికరాన్ని లారీలో వందల కిలోమీటర్లు పంపి తెచ్చాక మళ్ళీ క్యాలిబ్రేషన్ చేయాలి. బృందమంతా వెళ్లి ఉండాలి. ప్రైవేటు భాగస్వాములున్న కేంద్రంలో రహస్య తరంగరూపాలను ప్రసారం చేయడానికి భద్రతా అనుమతి రాకపోవచ్చు. వరుసలో వేచి ఉన్న నెలలకు ప్రాజెక్టు జాప్యం ఖర్చవుతుంది. ఇవన్నీ రూపాయల్లోకి, నెలల్లోకి మార్చి, సొంత కేంద్రం జీవితకాల ఖర్చుతో పోల్చాలి. పెద్ద కేంద్రాల ఏకీకరణ కూడా ఉచితం కాదు: అమెరికా ఎలక్ట్రానిక్ యుద్ధ పరీక్షా వనరులను ఒకచోట చేర్చే ప్రణాళికను పరిశీలించిన ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ, అది ఖర్చుకు తగిన ఫలితమిచ్చేలా కనిపించడం లేదని 1997లో తేల్చింది. తగ్గించమనడమే పొదుపు అనుకునే ఆడిటర్లు ఆ తీర్పును గుర్తుంచుకోవాలి.

అవసరం ఉందని తేలే సందర్భాలు

అవసరాన్ని ఆడిట్ చేయడమంటే ప్రతిసారీ కాదనడం అనుకోకూడదు. అమెరికా బీ-1బీ బాంబర్ విమానం 1986లో సేవలోకి వచ్చింది, మొత్తం 100 విమానాలలో చివరిది 1988లో అందింది. దాని రక్షణ జామింగ్ వ్యవస్థ ఏళ్ల తరబడి సరిగా పనిచేయక పెద్ద తలనొప్పి అయింది. ఆ విమానం మొత్తాన్ని లోపల నిలబెట్టగలిగే బెనిఫీల్డ్ అనెకోయిక్ ఛాంబర్, సుమారు 80 మీటర్ల పొడవు, 76 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల ఎత్తుతో ఎడ్వర్డ్స్ స్థావరంలో 1980ల చివరలో గానీ సిద్ధం కాలేదు. అంటే విమానాలు కొనడం ముందు జరిగింది, వాటిని పూర్తిగా పరీక్షించే ఛాంబర్ వెనక వచ్చింది. ఆ లోపాలన్నీ ఛాంబర్‌తోనే పోయేవని ఎవరూ అనలేరు గానీ, ఖర్చు పెట్టకపోవడంలోనూ నష్టం ఉంటుందన్న కోణం ఆడిట్ వర్కింగ్ పేపర్లలో ఉండి తీరాలి.

ఈ కోణాన్ని కొలవడానికి పాత రికార్డులే ఆధారం. ఆ సంస్థ గత ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ట్రయల్స్‌లో బయటపడిన లోపాల జాబితాను తీసుకొని, వాటిలో నేల మీద ఏ అంచె దగ్గర పట్టుబడి ఉండేవో ఇంజినీర్ల చేతనే గుర్తింపజేయాలి. ఛాంబర్‌లో పట్టుబడగలిగిన లోపాలు ట్రయల్స్ దాకా వచ్చి ప్రాజెక్టును ఆలస్యం చేశాయని తేలితే, అది ప్రతిపాదనకు ఆ రెండు పేరాలకన్నా బలమైన సాక్ష్యం. దీనికి తలకిందులైన పరీక్ష కూడా చేయాలి. ఇప్పటికే ఉన్న కేంద్రంలో జరిగిన పరీక్షల నివేదికల్లో కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎంచుకొని, ఒక్కోదాని తరువాత డిజైన్‌లో ఏం మారిందో చూడాలి. పరీక్షలు జరిగాయి, నివేదికలు బీరువాలో ఉన్నాయి, ఏ డ్రాయింగూ మారలేదు, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షనూ పెరగలేదు అంటే, రెండో కేంద్రం గురించి మాట్లాడే ముందు మొదటిదాని గురించి మాట్లాడాలి.

జీవితకాల ఖర్చు విషయంలో ఒక్క సంగతి చెబితే చాలు. భవనం, ఫోమ్ నెమ్మదిగా పాతబడతాయి. శత్రు రాడార్ సిమ్యులేటర్ మాత్రం పొరుగు దేశం కొత్త రాడార్ దించిన రోజే పాతబడుతుంది. సిమ్యులేటర్ నవీకరణకు, ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి), పనిచేసే నిపుణులకు ఏటా ఎంత కావాలో ప్రతిపాదనలో లేకపోతే, కొన్నేళ్లలో ఖాళీ ఛాంబర్ మిగులుతుందని ముందే రాయవచ్చు.

గోడల లోపల ఆడిట్

శత్రు రాడార్ల వివరాలు, మన రిసీవర్ల సున్నితత్వం, జామింగ్ పద్ధతులు రహస్యాలు. అవి మీకు చాలావరకు అక్కర్లేదు కూడా. ఆడిట్ మొదట్లో సంస్థతో జరిగే ఎంట్రీ కాన్ఫరెన్స్‌లోనే ఒక మాట స్పష్టం చేస్తే పని సులువవుతుంది: సంఖ్యల విలువలు మాకు వద్దు, ఆ సంఖ్యకు మంజూరైన ఆధారం ఉందో లేదో చూపండి చాలు. 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని అడ్డుపెట్టి మొత్తం ఫైలునే చూపబోమంటే మాత్రం ఊరుకోకుండా, ఎవరి అనుమతి కావాలో రాతపూర్వకంగా అడిగి పై స్థాయికి పంపాలి. మీ ప్రశ్నపత్రాలలో కూడా పౌనఃపున్యాలు, పరికరాల పేర్లు రాయకుండా సంకేత సంఖ్యలు వాడటం మంచిది.

సాంకేతిక సలహా తీసుకోవడంలో ఒక స్థానిక చిక్కు ఉంది. ఈ రంగంలో నిపుణులైన హైదరాబాదీలు చాలామంది ఒకే క్యాంపస్‌లలో చదివి, కంచన్‌బాగ్ చుట్టుపక్కల ప్రయోగశాలల్లో పనిచేసి, రిటైరయ్యాక పరికరాలు అమ్మే కంపెనీలకు సలహాదారులుగా చేరుతుంటారు. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు గానీ, మీకు సలహా ఇచ్చే వ్యక్తికి ఆ ప్రతిపాదనతోనూ, దానిలోని సరఫరాదారులతోనూ సంబంధం లేదని రాతపూర్వక ప్రకటన తీసుకోవాలి. ఐఐటీ హైదరాబాద్, ఉస్మానియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల మైక్రోవేవ్ బోధించేవారు పిరమిడ్ల పొడవు, దూరపు లెక్కల వంటి మౌలిక ప్రశ్నలకు బాగానే సరిపోతారు, వాటికి రహస్య సమాచారం చూపించాల్సిన పనీ ఉండదు.

నివేదికలో "అవసరం లేదు" అన్న మాట వాడటానికి తొందరపడకండి. ఆధారాలు చాలాసార్లు అంత దూరం తీసుకెళ్లవు. అవసరం రుజువైంది కానీ కోరిన పరిమాణానికి ఆధారం లేదు. అవసరం ఉంది కానీ ఆధారమైన ప్రాజెక్టుకు ఇంకా మంజూరు లేదు. అవసరాన్ని పొరుగు కేంద్రం తీర్చగలదేమో పరిశీలించలేదు. ఇలా ఏది రుజువైందో అంతే రాస్తే, ఆడిట్ చివర జరిగే ఎగ్జిట్ కాన్ఫరెన్స్‌లో వాదన వ్యక్తుల మీదికి పోకుండా పట్టిక మీదే నిలుస్తుంది. డ్రాఫ్ట్ పేరాతోపాటు ఆ రెండు నిలువు వరుసల పట్టికను, మూడు రకాల ప్రాజెక్టుల డిమాండ్ లెక్కను జతపరచండి. మంజూరు వచ్చేసి, కట్టడం మొదలైపోయిన కేంద్రమైనా ఈ పని వృథా కాదు: నిర్మాణం పూర్తయిన రెండేళ్ల తరువాత, ఆడిట్ మీద తీసుకున్న చర్యలు చెప్పే యాక్షన్ టేకెన్ నోట్ చూసేటప్పుడు, ప్రతిపాదనలో పేరు చెప్పిన ప్రాజెక్టులలో ఎన్ని నిజంగా ఆ తలుపు లోపలికి వచ్చాయో అదే జాబితాతో సరిచూడవచ్చు.